స్తుతి లేకపోతే కదలని బండి

సోమవారం పొద్దున షాలేమ్‌రాజు ఇంట్లో రెండు ప్రార్థనలు జరిగాయి. ఒకటి, ఆ రోజే ఖమ్మం వెళ్లి నర్సు ట్రైనింగులో చేరాల్సిన చిన్నకూతురు స్తుతి కోసం. రెండోది ట్రాక్టరు కోసం. ఉన్నమాట చెప్పుకోవాలంటే ట్రాక్టరు కోసం చేసిందే పొడుగ్గా సాగింది.

తల్లి పేరు ఆరోగ్యం. ఆమె కొంగు నెత్తిన కప్పుకుని, పెట్రోలు టాంకీ మూతమీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది. బండి వాకిలి దాటే ముందు ఇలా చెయ్యి పెట్టి ప్రార్థన చేయడం స్తుతి తాత కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ. "ప్రభువా, ఈ బండిని నీ చేతుల్ల పెడుతున్నం. దీన్ని నడిపే నా బిడ్డ తొవ్వ నువ్వే సక్కజెయ్యి తండ్రీ" అంటూ ఆమె ప్రార్థన సాగదీసింది. ఇంజను తిప్పే ఇనుప హ్యాండిల్ పట్టుకుని పక్కనే నిలబడ్డ స్తుతికి ఓపిక నశించింది.

"ఆమెన్ అనే అమ్మా. పొద్దెక్కుతున్నది."

"దేవుని కాడ గూడ తొందరేనా నీకు?" అని ఆరోగ్యం మూతను ఇంకోసారి అదిమి, "ఆమెన్" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ బండి సంగతి కాస్త చెప్పుకోవాలి. దుమ్ముగూడెం పక్కన మిషన్ తోట దున్నించడానికి ఎప్పుడో ఒక దొర ఓడమీద తెప్పించిన బండి అది. దొర తన దేశం పోతూ పోతూ, దాన్ని నడిపిన స్తుతి తాతకే ఇచ్చేసి పోయాడు. అందరి ట్రాక్టర్లలా డీజిలు తాగదు, పెట్రోలు తాగుతుంది. సెల్ఫ్ స్టార్టు లేదు, మూతి దగ్గర హ్యాండిల్ దూర్చి తిప్పాలి. "ఈ జమానాల పెట్రోలు ట్రాక్టరేందిరా, సోకు గాకపోతే" అని నవ్వినవాళ్లే, నాట్ల కాలం రాగానే షాలేమ్‌రాజు గుమ్మం తొక్కేవారు. ఎందుకంటే వాగు ఒడ్డు మళ్లలో పెద్ద బండ్లు ఇరుసుదాకా దిగబడతాయి. ఇది తేలిక. బాతులాగా బురదమీద పోతుంది. అందుకే ఊరంతా వాళ్లను ట్రాక్టరోళ్లు అనే పిలుస్తుంది.

మూడేళ్ల కింద షాలేమ్‌రాజుకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట మాత్రం దక్కింది. పెద్దకూతురు మహిమ అప్పటికే పెళ్లయి ఇల్లందులో ఉంది, అల్లుడు బొగ్గుబావిలో పనిచేస్తాడు. కొడుకులు లేరు. ఇంటరు పాసై ఇంట్లో ఉన్న స్తుతిని పిలిచి, "ఈ ఒక్క పంటకారు బండి తోలు బిడ్డా, మల్ల నీ ఇష్టం" అన్నాడు తండ్రి. ఆ ఒక్క కారు ఇంకా అయిపోలేదు. వానాకాలం పోతే యాసంగి, యాసంగి పోతే మళ్లీ వానాకాలం. అరిచేతుల్లో కాయలు కాశాయి, తలంటుకున్నా జుట్టులో ఆయిలు వాసన పోదు. తోటి పిల్లలు ఒక్కొక్కరే పుస్తకాలో పెళ్లో పట్టుకుని ఊరు దాటిపోతుంటే ఆమె మాత్రం ఇంటికీ వాగుకూ మధ్య తిరుగుతూ ఉండిపోయింది.

పోయినేడు నర్సు ట్రైనింగులో సీటు వచ్చింది. తెల్లారితే ప్రయాణం అనగా ఊళ్లో గంగక్క మడిలో బండి నడుమ నిలిచిపోయింది. ఇది విప్పి, అది బిగించి, మళ్లీ ఆగితే మళ్లీ విప్పి, బురదలో పొర్లాడేసరికి చేరాల్సిన రోజు కాస్తా దాటిపోయింది. ఈ ఏడు మళ్లీ పిలుపొచ్చింది. ఇయ్యాల సాయంత్రం ఆఫీసు మూసేలోగా రాకపోతే ఇంకెప్పుడూ రావద్దని ఆ ట్రైనింగు బడివాళ్లు తేల్చి చెప్పేశారు. పన్నెండింటి బస్సు అందితే అందినట్టు, లేకపోతే లేనట్టు.

మరి ఈ పొద్దున మళ్లీ బండెందుకు ఎక్కిందంటే, మొండయ్య వచ్చి కాళ్లావేళ్లా పడ్డాడు. వాళ్ల ఇంటి వెనక కంచె దాటితే వాగు, ఆ ఒడ్డునే మొండయ్య నారుమడి. వడ్లు నానబోసి గోనెలో మండె కట్టాడు, మొలకొచ్చింది. ఇయ్యాల మడి దమ్ము చేసి చల్లకపోతే మొలకలు కుళ్లిపోతాయి. "ఒక్క మడే బిడ్డా, పది గాకముందే అయిపోతది, నీ బస్సు నీకు దొరుకుతది" అని బతిమాలాడు. ఇంటి వెనక వసారాలో మంచంమీద పడుకున్న తండ్రి అవుననలేదు, కాదనలేదు. కూతురివైపు చూసి ఊరుకున్నాడు. స్తుతికి ఆ చూపంటేనే భయం.

మడిలో రెండు చుట్లు తిరిగిందో లేదో బండి దగ్గింది. మూలిగింది. నిలబడిపోయింది.

"ఆగిందా?" మంచంమీద నుంచే అరిచాడు షాలేమ్‌రాజు.

"ఆగింది నాయినా! ఏం చూడాలె?"

"ప్లగ్గులు చూడు. మసి పట్టిందేమో."

స్తుతి పానా పట్టుకుని ప్లగ్గులు విప్పింది. ఇంజను కాలిపోతోంది, వేళ్లు చురుక్కుమన్నాయి. ఉప్పుకాగితంతో మసి గీకి, బిగించి, హ్యాండిల్ తిప్పింది. బండి లేచింది. "అదీ!" అన్నాడు తండ్రి వసారాలోంచి, తానే తిప్పినంత సంబరంగా. ఇంకో రెండు చుట్లు. మళ్లీ అదే దగ్గు, అదే మూలుగు.

"ఇప్పుడేం చూడాలె నాయినా?"

"పెట్రోలుల నీళ్లు కలిసినయేమో. గాజుగిన్నె ఇప్పు."

టాంకీ కింద పెట్రోలు వడకట్టే చిన్న గాజుగిన్నె ఉంటుంది. విప్పి చూస్తే అందులో చుక్క నీళ్లు లేవు. అయినా ఒంపేసి, తుడిచి బిగించింది. తిప్పితే బండి లేచింది. హమ్మయ్య అనుకుని ఎక్కింది. మడి సగమన్నా కాలేదు, మళ్లీ ఆగింది. గట్టుమీద మొండయ్య మొలకల గంప పక్కన కూచుని నెత్తి పట్టుకున్నాడు. స్తుతికి ఏడుపొచ్చేట్టు ఉంది. ఏ రోగానికి ఏ మందిచ్చినా ఈ ముసలిదానికి కాసేపు నయమవుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఇదేం రోగం దేవుడా?

సరిగ్గా అప్పుడే పొద్దటి బస్సు దిగి మహిమ వచ్చింది. చెల్లెలిని తీసుకుని ఖమ్మంలో దిగబెట్టి రావాలని ఆమె రాక. కంచె దగ్గర నిలబడి, మోకాళ్లదాకా బురదలో ఉన్న స్తుతిని చూసి నడుంమీద చేతులు పెట్టుకుంది.

"ఓహో! తానం జేసి, జడేసుకొని తయారుగుంటవనుకొని వస్తే, గ్రీజు గాజులేసుకొని కూసున్నవా? పెండ్లికూతురు లెక్కనే ఉన్నవ్!"

"అరగంటల అయిపోతది అక్కా."

"పోయినేడు గూడ గీ మాటే చెప్పినవ్. గా అరగంట ఏడాది పట్టింది!" అని మహిమ గిరుక్కున తిరిగి వసారాలోకి నడిచింది. చెప్పులు కూడా విప్పలేదు. "ఏంది నాయినా ఇది? దాన్ని ఇయ్యాల పంపుతవా, పంపవా? సాటుంగ గాదు, నాకు ముఖంమీద చెప్పు."

"నేనేం ఆపిన?" షాలేమ్‌రాజు ముఖం గంటు పెట్టుకున్నాడు. "పొమ్మనే అంటున్న. చేస్తనని మాటిచ్చింది అదే. మొండయ్య మొలకలు ఎవరి పాపాన పోవాలె?"

"మొండయ్య మొలకలు మొలకలే గని, నీ కడుపున పుట్టినదాని బతుకు బతుకు గాదా?"

"పొద్దుపొద్దున్నే లొల్లేందే?" ఆరోగ్యం వంటింట్లోంచి వచ్చింది, చేతిలో పులిహోర కలిపే గరిటె. "మహిమా, ముందు కాళ్లు కడుక్కో. ఛాయ్ తాగు."

"ఛాయ్ కాదమ్మా, చెల్లెకు ఇంత ఇసం పోసియ్యి, ఒక్కసారే పీడపోతది!"

కంచె అవతల స్తుతి అన్నీ వింటూనే ఉంది. ఒకవైపు అక్క, ఒకవైపు నాయిన, ఇంకోవైపు గట్టుమీద మొండయ్య. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. కోపం తండ్రిమీదా, బండిమీదా, మాటిచ్చిన తన నోటిమీదా అంటే ఏమో, ఆమెకే తెలియదు. ఇంకో బాధ ఏమిటంటే ఆ బండంటే ఆమెకు ఇష్టం. తిప్పగానే అది గుప్పున లేచే క్షణం ఇష్టం. అసహ్యమే ఉంటే ఎప్పుడో వదిలేసి పోయేది.

"మాగ్నెటో ఇప్పి చూడు బిడ్డా!" వసారాలోంచి తండ్రి కేక.

మాగ్నెటో అంటే ఇంజనుకు నిప్పురవ్వ పుట్టించే డబ్బా. అది విప్పితే మళ్లీ బిగించేసరికి పన్నెండింటి బస్సు భద్రాచలం చేరిపోతుంది. స్తుతి పానా ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇంక నావల్ల కాదు అనుకుంది. పానాను బురదలోకి విసిరేసి, గట్టుమీదికి వచ్చి, మోకాళ్లమీద తల పెట్టుకుని కూచుంది. ఏమీ విప్పలేదు. ఏమీ బిగించలేదు. పోతే పోనీ, మొలకలు కుళ్లితే కుళ్లనీ, సీటు పోతే పోనీ.

మొండయ్య కాసేపు చూశాడు, సణిగాడు, దగ్గాడు. ఆఖరికి ఉండబట్టలేక తానే మడిలోకి దిగి హ్యాండిల్ పట్టుకుని గుడ్డిగా ఒక తిప్పు తిప్పాడు.

బండి లేచింది.

స్తుతి తలెత్తింది. ఏదీ విప్పకుండా, బిగించకుండా ఎట్లా లేచింది? మొండయ్యేమో "నా చెయ్యి మంచిది బిడ్డా, చూసినవా!" అని పళ్లికిలిస్తున్నాడు. ఆమె మాత్రం నవ్వలేదు. ప్లగ్గులు గీకితే లేచింది, గిన్నె తుడిస్తే లేచింది, ఏం చేయకుండా కూచున్నా లేచింది. అంటే దీన్ని బాగుచేసింది ఆ పనులేవీ కావు. దానికి కావలసింది కాస్త వ్యవధి. కాసేపు నడుస్తుంది, ఏదో అందక ఆగుతుంది, ఆగి ఉంటే అది మెల్లగా అందుతుంది. ఏమిటది?

ఆమె ఎక్కి మళ్లీ తోలింది, ఈసారి ఆగిపోవాలనే తోలింది. ఆగిన మరుక్షణం పానా జోలికి పోకుండా సీటుమీద నుంచి వంగి పెట్రోలు టాంకీ మూత తిప్పింది. పొద్దున్నే నిండా పోసిన టాంకీ, ఇన్నాళ్లూ పని నడుమ దాని మూత తీసి చూసే అవసరమే రాలేదు. మూత వదులవగానే 'సుయ్'మని గాలి లోపలికి పీల్చుకుంది. దిగి ఒక్క తిప్పు తిప్పింది. బండి గుప్పున లేచింది.

ఇంజను ఆపి మూతను వెలుగులో పట్టుకుంది. నడుమ సూదిమొనంత కన్నం ఉండాలి. పెట్రోలు దిగినకొద్దీ ఆ కన్నంలోంచి గాలి లోపలికి పోతుంటేనే మిగతాది కిందికి జారుతుంది. అక్కడ కన్నం లేదు, ఏదో తెల్లగా నిండి ఉంది. చున్నీకి పెట్టుకున్న పిన్నీసు తీసి గీకి, ముక్కు దగ్గర పెట్టుకుంది. బట్టల సబ్బు! దానంతట అది వచ్చి అక్కడ కూచునేది కాదు. ఎవరో వేలితో అదిమి పెట్టారు.

వాగు ఒడ్డు నుంచి వసారాదాకా ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. మూతను తండ్రి మంచంమీద పెట్టింది.

"ఈ కన్నంల సబ్బు పెట్టిండ్రు. ఎవరు పెట్టిండ్రు నాయినా?"

మహిమ వంగి చూసింది, విషయం అర్థమై ఆమె ముఖం ఎర్రబడింది. "ఎవరు పెడుతరు? దాన్ని కదలనియ్యొద్దని ఎవరికున్నదో వాళ్లే! నువ్వు లేవలేవు గని నాయినా, ఎవరితోటి పెట్టించినవ్? గా మొండయ్యతోటా?"

షాలేమ్‌రాజు ఎడమచేత్తో మూతను అటూ ఇటూ తిప్పుతూ తల దించుకున్నాడు.

"ఆయన్ను అనకుండ్రి."

వంటింటి గుమ్మంలో ఆరోగ్యం నిలబడి ఉంది. చేతిలో పులిహోర పొట్లం.

"నేనే పెట్టిన."

"నువ్వా?" అక్కాచెల్లెళ్లు ఒక్కసారే అన్నారు.

"అవ్, నేనే. ప్రార్థన చేసినప్పుడు పెడుతున్న. పోయినేటి నుంచి." ఆరోగ్యం గుమ్మానికి ఆనుకుని కింద కూలబడింది. "గా బండి ఎన్నడు సస్తదో గని అది ఉన్నన్ని రోజులు నిన్ను పోనియ్యడు మీ నాయిన. అది పాడైతే అమ్ముతడు, అమ్మితే నా బిడ్డ తెల్లబట్టలేసుకొని దవాఖానల పని చేసుకుంటదని ఆశపడ్డ. ఎండకు సబ్బు ఎండి రాలేది, నేను మల్ల పెట్టేది. ఆగినప్పుడల్లా, ఇగ ఇయ్యాలన్న యాష్టకొచ్చి వదిలేస్తవనుకున్న. నువ్వు వదలవైతివి బిడ్డా! ఎన్నిసార్లు ఆగితే అన్నిసార్లు ఇప్పి బిగిస్తివి."

"పోయినేడు గంగక్క మడిల గూడ నువ్వేనా?" అంది స్తుతి.

ఆరోగ్యం కొంగు నోట్లో కుక్కుకుని తలూపింది. "నిన్ను పంపుదామని పెట్టి, నా చేతుల్తోటే నీ సీటు పోగొట్టిన. ఇయ్యాల గూడ, బండి ఆగితే మొండయ్య తిట్టిపోసి ఇంకోన్ని తెచ్చుకుంటడు, నువ్వు నిమ్మళంగ బస్సెక్కుతవనుకున్న. నాకేం తెలివున్నదే, సదువా సంధ్యా!"

మహిమకు నవ్వాలో ఏడవాలో తోచలేదు. "బాగుంది తల్లీ! దేవుని చేతుల్ల పెడుతున్న అనుకుంట సబ్బు పెట్టినవ్. దేవుడు ఏది ఇనాలె, నీ నోటి మాటనా, నీ ఏలి మాటనా?"

స్తుతి ఇంకో సంగతి దగ్గర ఆగిపోయింది. "నీకెట్ల తెలిసిందమ్మా, ఈ కన్నం సంగతి? నాకే ఇయ్యాల్టిదాక తట్టలే."

"మీరు చిన్నగున్నప్పుడు ఒకసారి కుమ్మరిపురుగు దాంట్ల మట్టి పెట్టింది. బండి గిట్లనే ఆగేది, లేచేది. మీ నాయినే కనిపెట్టి నాకు చూపెట్టిండు. దీనికి ఊపిరాడక ఆగుతున్నదే అని నవ్విండు."

స్తుతి నెమ్మదిగా తండ్రివైపు తిరిగింది. ఇంజను చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పే మనిషి. ఇంతకు ముందు ఇదే రోగాన్ని తన చేత్తో కనిపెట్టిన మనిషి.

"నాయినా, నీకు ఎరుకేనా?"

షాలేమ్‌రాజు మూతను మంచంమీద బోర్లించి పెట్టాడు. వాగు అవతల కోయగూడెంలో కోడి కూసింది.

"సప్పుడు ఇన్ననాడే ఎరుకైంది" అన్నాడు చివరికి.

"ఎన్నడు?"

"పోయినేడే."

"మరి ప్లగ్గులేంది? గాజుగిన్నేంది? ఇంతకుముందే మాగ్నెటో ఇప్పమంటివి గదా! అంత ఎరుకుండి నాతోటి ఎందుకు ఇప్పించినవ్?"

"నువ్వు అడుగుతవని" అన్నాడు ఆయన. కళ్లలోంచి నీళ్లు బటబటా రాలాయి. "బండి ఆగినప్పుడల్లా నువ్వు ఉరికొచ్చి, ఏం చూడాలె నాయినా అని అడుగుతవ్. తిన్నవా, గోలి మింగినవా అని అందరు అడుగుతరు. గది పసిపోరన్ని అడిగినట్టు. నాకేదో తెలుసని ఎవరన్న అడిగేది ఒక్క గప్పుడేనే. బండి బాగైతే నువ్వు బస్సెక్కుతవ్. ఇగ నన్ను ఎవరు అడుగుతరు?"

స్తుతికి జాలి కలగాలి. కలిగింది కూడా. కానీ దానికంటే ముందు కోపం పొంగింది.

"అమ్మ నన్ను పంపాలని బండిని ఆపె. నువ్వు నన్ను ఆపాలని బండి సంగతి దాస్తివి. మీ ఇద్దరి నడుమ నేను యాడాది బురదల పొర్లిన!" కాలిన వేళ్లు చాచి చూపింది. "నా తెలివి సాలక బండి బాగుగాలేదని, నేనే పనికిరానిదాన్నని రాత్రుళ్లు ఏడ్చిన. నేను లేకపోతే ఈ ఇల్లు ఆగిపోతదనుకొని సీటు గూడ వదులుకున్న. మీకు నామీద ప్రేమ లేదని నేనన్నానా? ఉన్నది, మస్తు ఉన్నది! గని ఒక్కనాడన్న, స్తుతీ నీకేం కావాలె అని మీ ఇద్దర్ల ఎవరన్న నన్ను అడిగిండ్రా?"

ఎప్పుడూ గలగలా వాగే మహిమ గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకుంది. కంచె దగ్గర మొండయ్య గొంతు వినిపించింది. "స్తుతీ! ఏం జేస్తున్నవ్ బిడ్డా? మొలకలు ఎండుతున్నయ్, జల్దీ రా!"

అలవాటు చూడండి, స్తుతి కాళ్లు అటు కదలబోయాయి.

"ఆగు" అన్నాడు షాలేమ్‌రాజు. ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుని లేచి కూచున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు అడుగుతున్న. లేటైంది, ఎరుకే. నీకేం కావాలె బిడ్డా?"

ఇంత చిన్న ప్రశ్నకు స్తుతి చిన్నపిల్లలా వెక్కుతూ అంది, "పోవాలె నాయినా. నేను పోవాలె."

ఆయన తలూపాడు. తర్వాత కంచెవైపు తిరిగి, మూడేళ్లుగా ఎన్నడూ లేనంత గట్టిగా కేకేశాడు. "మొండయ్యా! ఇయ్యాల బండి రాదు!"

"అదేందన్నా, బండి బాగైంది గదా!"

"బండి బాగైంది. తోలేటామె పోతున్నది!"

మొండయ్య అటునుంచి సణిగాడు. "గా మాట పొద్దున్నే చెప్తే అయిపోవు గదన్నా. నాకు ఎడ్లు లేవా? స్తుతి ఉన్నది గదా అని ఇప్పలే. ఉన్నదే గింతంత మడి, నేనే దున్నుకుంట." ఎడ్ల కోసం పోతున్న అతని అడుగుల చప్పుడు వినిపించింది. స్తుతి నోరు తెరుచుకుని వింది. ఇంతేనా? తాను లేకపోతే కొంప మునుగుతుందనుకున్న పని ఇంతేనా?

"ఇంకా నిలబడ్డవేందే?" మహిమకు మళ్లీ గొంతొచ్చింది. "బస్సు నీ సుట్టమా, ఆగనీకి? నడువ్!"

బావి దగ్గర బకెట్లు బకెట్లు నీళ్లు గుమ్మరించుకున్నా గోళ్ల సందుల్లో నల్లమసి పోలేదు. పోతే ఎంత, లేకపోతే ఎంత. తడిజుట్టుతోనే జడ వేయించుకుంటుంటే ఆరోగ్యం వెనకనుంచి వచ్చి కూతుర్ని వాటేసుకుంది. "నా మీద మనసుల ఏం పెట్టుకోకు బిడ్డా. నిన్ను అడిగితే, పోనమ్మా అంటవేమోనని భయపడ్డ. మీ నాయినకు ఎదురుచెప్పే దమ్ము నాకేనాడూ లేకపాయె."

"ఇగనుంచి చెప్పు" అంది స్తుతి తల్లి భుజంమీద ముఖం పెట్టి. "నేను ఉండను గదా, నాయినకు ఎదురుచెప్పనీకి ఎవరో ఒకరు కావాలె. ఊకె గోలి మింగినవా అని అడుగకు. బండి సంగతి అడుగు, వాన సంగతి అడుగు. ఏదన్న అడుగు."

ఆరోగ్యం ఏడుస్తూనే నవ్వింది. అంతలో వంతెన దగ్గర బస్సు హారన్ వినపడింది. స్తుతి సంచి అందుకుని, తండ్రికి చెప్పడానికి వసారాలోకి పరుగెత్తింది. మంచం ఖాళీగా ఉంది. గోడకు ఆనించి ఉండే చేతికర్ర లేదు.

"నాయినా!" అని కేక వేసింది. జవాబు లేదు. ముగ్గురూ కంగారుగా వీధిలోకి వచ్చారు. రోడ్డుదాకా సన్న మట్టిబాట, దాని పొడుగునా ఒక కాలు ఈడ్చిన గీత. మూడేళ్లుగా వసారా దాటని మనిషి, వీళ్లు జడ వేసుకుంటున్నంతలో ఒక్కడే బయల్దేరిపోయాడు. స్తుతి పరుగు అందుకుంది, వెనక మహిమ, ఆ వెనక రొప్పుతూ ఆరోగ్యం. బస్సు మలుపు తిరగడం చెట్ల సందుల్లోంచి కనపడుతోంది. ఆ బస్సు మామూలుగా వాళ్ల బాట దగ్గర ఆగనే ఆగదు, ముందుగా వచ్చి నిలబడి చెయ్యెత్తితే తప్ప. ఇంత దూరంలో ఉండగా ఇంక అందదని స్తుతికి తెలిసిపోయింది.

కీచుమని బ్రేకులు పడ్డాయి. దుమ్ము లేచింది.

దుమ్ము విడిపోయేసరికి రోడ్డుకు నట్టనడుమ షాలేమ్‌రాజు నిలబడి ఉన్నాడు. కర్ర చంకలో ఇరికించుకుని, ఎడమచెయ్యి ఆకాశంలోకి ఎత్తి. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టి నానా మాటలూ అంటున్నాడు.

"ఏం పెద్దమనిషీ, సావనీకి నా బస్సే దొరికిందా?"

"సావనీకి గాదు బాబూ" అన్నాడు షాలేమ్‌రాజు, ఆయాసంతో మాట తడబడుతుంటే. "నా బిడ్డను పంపనీకి. జర ఆపు. వస్తున్నది, గదిగో, వస్తున్నది."

స్తుతి వచ్చి తండ్రిని చుట్టేసుకుంది. ఆయన ఆ ఎడమచేత్తోనే ఆమె వీపుమీద తట్టి, "ఎక్కు, ఎక్కు. వాళ్లకు లేటైతది" అన్నాడు. కండక్టరు సంచి అందుకున్నాడు, మహిమ చెల్లెలిని వెనకనుంచి తోసి తానూ ఎక్కింది. అప్పటికి ఆరోగ్యం వచ్చి భర్త కుడిపక్కన నిలబడి, పడిపోకుండా ఆయన నడుం చుట్టూ చెయ్యి వేసింది.

బస్సు కదిలింది. స్తుతి కిటికీలోంచి వెనక్కి చూసింది. బస్సును ఆపడానికి ఎత్తిన చెయ్యినే ఆయన మళ్లీ పైకెత్తాడు. ఆగమని కాదు, పొమ్మని ఊపుతున్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి దిగలేదు. స్తుతి మసి పోని తన చెయ్యి బయటికి పెట్టి, ఏడుస్తూ, ఆయనకు కనపడకపోయినా చాలా దూరం ఊపుతూనే ఉంది.